కంట్రోలర్ కాలిపోలేదు సార్

సంపాదకుడు గారికి నమస్కారం.

వినాయక మండపాల మీద మొన్న మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. కర్నూల్లో కల్లూరు వైపు ఒక మండపంలో మూడో రాత్రి ఎల్ఈడీ కంట్రోలర్ (బల్బుల్ని బొమ్మలుగా ఆడించే పెట్టె) కాలిపోయి గంటన్నర సేపు లైట్లు ఆగిపోయాయనీ, నాసిరకం చైనా సామాను వాడటం వల్లే ఇట్లాంటివి జరుగుతున్నాయనీ రాశారు. ఆ మండపానికి లైటింగ్ పెట్టింది నేనే. కంట్రోలర్ కాలలేదు సార్. అదే కంట్రోలర్ ఆ రాత్రి పదకొండు గంటలకి మళ్ళీ పనిచేసింది, వినాయకుడు కేసీ కాలువ దగ్గరికి బయల్దేరేదాకా ఆగకుండా పనిచేసింది, ఇప్పుడు నేను ఈ ఉత్తరం రాస్తుంటే మా ఇంట్లో మంచం కింద అట్టపెట్టెలో ఉంది. చైనా సామాను అన్నమాట మాత్రం నిజమే, కాదనను.

మీ విలేకరిని తప్పుపట్టడానికి రాయడం లేదు. కమిటీ వాళ్ళు 'కాలిపోయింది' అని చెప్పారు, ఆయన అదే రాసుకున్నారు. మన దగ్గర ఏది ఆగినా కాలిపోయిందనే అంటారు, ఫ్యూజు పోయినా అంతే, ప్లగ్గు ఊడినా అంతే. కానీ ఆ ఒక్క ముక్క వల్ల దసరాకి మాట్లాడుకున్న ఇంకో కమిటీ వాళ్ళు ఫోన్ చేసి "ఏందన్నా, నీ మిషన్ కాలిపోయిందంట గదా, మాకు వేరేది పెడతావా?" అని అడిగారు. అందుకే అసలు ఏం జరిగిందో చెప్పాలనిపించింది. ఇందులో నా తప్పు కూడా ఉంది, దాన్ని దాచను.

ఆ రాత్రి హారతి అయిపోయి జనం ప్రసాదం లైన్లో ఉన్నారు. రెండు వేల పిక్సెల్ బల్బుల బోర్డు, మధ్యలో చెవులు ఊపే వినాయకుడు, చుట్టూ తిరిగే చక్రం. ఉన్నట్టుండి చక్రం ఆగింది. ఐదారు సెకన్లు అట్లాగే నిలబడి మొత్తం ఆరిపోయింది. నేను పరిగెత్తి కంట్రోలర్ ఆఫ్ చేసి ఆన్ చేశాను, వెలిగింది, అందరూ చప్పట్లు కొట్టారు, నేను కూడా హమ్మయ్య అనుకుని ఒక లడ్డూ నోట్లో వేసుకున్నాను. మూడు నిమిషాలకి మళ్ళీ ఆగింది. మళ్ళీ ఆఫ్, ఆన్, మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆగింది. నాలుగోసారికి చప్పట్లు లేవు. వెనక నుంచి ఎవరో "రొంత కట్టెతో కొట్టి చూడన్నా" అని సలహా కూడా ఇచ్చారు.

కంట్రోలర్ కి దానికదే ఒక టెస్ట్ ఉంటుంది సార్. ల్యాప్‌టాప్ తో సంబంధం లేకుండా బల్బులన్నిటినీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసగా వెలిగిస్తుంది. చివరికి అది నొక్కితే బోర్డంతా చక్కగా వెలిగింది. అంటే బల్బులు బాగున్నాయి, కరెంటు బాగుంది, కంట్రోలర్ బాగుంది. ల్యాప్‌టాప్ నుంచి బొమ్మ వచ్చే దారిలోనే తేడా ఉంది. ల్యాప్‌టాప్ లో కంట్రోలర్ నంబరుకి పింగ్ కొట్టాను, అంటే 'ఉన్నావా' అని అడిగాను, జవాబు వచ్చింది. కేబుల్ సందేహమని కంట్రోలర్ వెనక నుంచి నెట్ కేబుల్ పీకాను. ఇంకో కేబుల్ పెడదామని తల ఎత్తి చూస్తే, స్క్రీన్ మీద ఇంకా జవాబులు వస్తూనే ఉన్నాయి. కేబుల్ నా చేతిలో వేలాడుతోంది, అవతల ఎవరో 'ఉన్నా, ఉన్నా' అని పలుకుతున్నారు. ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది, నిజం చెప్తున్నా.

సంగతి ఏమిటంటే, ఆ సాయంత్రం కమిటీ కుర్రాళ్ళు హుండీ దగ్గర సీసీ కెమెరాలు పెట్టించారు. ఆ కెమెరాల పెట్టె వైరు పెట్టుకోవడానికి ఖాళీ కన్నం కనిపించింది కదా అని నా లైటింగ్ స్విచ్ లోనే, అంటే ల్యాప్‌టాప్ నీ కంట్రోలర్ నీ కలిపే నెట్‌వర్క్ డబ్బాలోనే గుచ్చారు. నాకు చెప్పలేదు. చెప్పాలని వాళ్ళకి తెలియదు కూడా. నేను కంట్రోలర్ కి ఇచ్చిన ఐపీ నంబరు 192.168.1.108. వినాయకుడి అష్టోత్తరం కదా, శుభమని 108 పెట్టాను. ఆ కెమెరాల పెట్టె కూడా కంపెనీ నుంచి వచ్చేటప్పుడే అదే 108 తో వచ్చింది. రెండు ఇళ్ళకి ఒకే డోర్ నంబరు ఉంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? ఒకరోజు ఇక్కడ ఇస్తాడు, ఒకరోజు అక్కడ ఇస్తాడు. నా వినాయకుడి చెవులు, చక్రం అన్నీ కెమెరాల పెట్టెకి పోతున్నాయి, అది వాటిని ఏం చేసుకోవాలో తెలియక పారేస్తోంది. కంట్రోలర్ ని ఆఫ్ చేసి ఆన్ చేసినప్పుడల్లా 'ఈ నంబరు నాదే' అని అది ఒక కేక వేస్తుంది, కాసేపు ల్యాప్‌టాప్ దాని మాట వింటుంది, తర్వాత పెట్టె వంతు. మూడు నిమిషాల చప్పట్ల రహస్యం అదీ.

శుభమని పెట్టిన నంబరు, ఇంకో వస్తువుకి ఉండొచ్చేమో అని చూసుకోకపోవడం నా తప్పు. లైటింగ్ స్విచ్ ని తాళం వేసిన డబ్బాలో పెట్టకపోవడం కూడా నాదే.

గంటన్నర ఎందుకు పట్టిందని అడగొచ్చు. నేను మొదటి గంట బోర్డు వెనకే ఉన్నాను, ఎందుకంటే పదిసార్లలో తొమ్మిదిసార్లు జబ్బు అక్కడే ఉంటుంది. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, మీ పాఠకుల్లో చాలామంది కమిటీల్లో ఉండేవాళ్ళే కదా.

మా నాన్నదీ ఇదే పని. ఆయన కాలంలో సీరియల్ సెట్లు. చిన్న బల్బుల్ని వరసగా కలిపి 230 వోల్టులు అన్నీ పంచుకునేట్టు కట్టేవాళ్ళు, ఒకటి మాడితే దండ మొత్తం పోయేది, టెస్టర్ పట్టుకుని ఒక్కొక్కటి వెతకడం చిన్నప్పుడు నా డ్యూటీ. లైట్లు పరుగెత్తాలంటే మోటారుతో తిరిగే చెక్క డ్రమ్ము, దాని మీద రాగి రేకులు, వాటిని రాసుకుంటూ పట్టీలు. రాత్రంతా టకటక, నీలం మెరుపులు, కాలిన వాసన. 'కాలిపోయింది' అనే మాట అప్పట్లో సరిపోయేది, ఆ డ్రమ్ము నిజంగానే కాలేది.

ఇప్పటి పిక్సెల్ బల్బు వేలి కొన అంత ఉంటుంది. లోపల మూడు రంగుల దీపాలు, వాటికి ఒక చిన్న చిప్పు, ఎక్కువగా డబ్ల్యూఎస్2811 అనేది. పంక్తి భోజనంలో మొదటివాడి చేతికి విస్తరాకుల కట్ట ఇస్తే పైది ఒకటి తను వేసుకుని మిగతా కట్ట పక్కవాడికి అందిస్తాడు చూడండి, ఇది కూడా అంతే. కంట్రోలర్ మొత్తం సమాచారం మొదటి బల్బుకి ఇస్తుంది. అది తనకి కావాల్సిన 24 బిట్లు, అంటే రంగుకి ఎనిమిది చొప్పున, తీసుకుని మిగతాది పక్క బల్బుకి పంపిస్తుంది. మధ్యలో ఒకడు కట్ట పట్టుకుని కూర్చుండిపోతే ఆ తర్వాత పంక్తికంతా ఆకు లేనట్టే. అందుకే దండ సగం ఆరిపోయిందంటే సగం బల్బులు పోయాయని కాదు, ఒకటే పోయింది. వెలుగుతున్న వాటిలో చివరిదో, ఆరిన వాటిలో మొదటిదో, ఆ రెంటిలో ఒకటి మారిస్తే సరిపోతుంది. ఇది తెలియని ఒక కమిటీ వాళ్ళు పోయిన సంవత్సరం నా పైకంలో సగం బల్బుల డబ్బు కోసేశారు.

ఒక్కో బల్బు ఆకు తీసుకోవడానికి 30 మైక్రోసెకన్లు పడుతుంది. రెండు వేల బల్బుల్ని ఒకే తీగ మీద పెడితే ఒక బొమ్మ పంపడానికే 60 మిల్లీసెకన్లు, సెకనుకి పదహారు బొమ్మలు కూడా దాటవు, వినాయకుడు చెవి ఊపితే పట్టుకుని లాగినట్టు ఉంటుంది. అందుకే కంట్రోలర్ కి ఉన్న నాలుగు పోర్టులకి ఐదు వందల చొప్పున పంచాను. అప్పుడు 15 మిల్లీసెకన్లే, సెకనుకి 40 బొమ్మలు హాయిగా నడుస్తాయి. ల్యాప్‌టాప్ లో లెక్క ఇంకో రకం. 1986లో అమెరికాలో స్టేజీ లైట్ల వాళ్ళు డీఎంఎక్స్512 అని ఒక పద్ధతి పెట్టుకున్నారు, ఒక లైనుకి 512 చానళ్ళు. బల్బుకి మూడు రంగులు కాబట్టి మూడు చానళ్ళు, 170 బల్బులకి 510 అవుతాయి, రెండు మిగిలిపోతాయి. ఈ 170 బల్బుల గుంపుని మేం యూనివర్స్ అంటాం. ఆ పాత లెక్కనే నెట్ కేబుల్ మీద పంపించడానికి 1998లో ఇంగ్లండు కంపెనీ ఆర్టిస్టిక్ లైసెన్స్ 'ఆర్ట్‌నెట్' అనే పద్ధతి తెచ్చింది, మేమంతా వాడేది అదే. నా బోర్డులో పోర్టుకి మూడు చొప్పున పన్నెండు యూనివర్సులు. నంబరు ఒకటి అటూ ఇటూ అయితే వినాయకుడి చెవి వచ్చి తొండం ఉండాల్సిన చోట ఊగుతుంది. నవ్వకండి, మొదటి రాత్రి మాకు అట్లాగే వచ్చింది, ఒకాయన అది కొత్త డిజైన్ అనుకుని ఫొటో కూడా తీసుకున్నాడు.

ఇంకో సంగతి, ఈ సమాచారం చేరిందా లేదా అని ల్యాప్‌టాప్ కనుక్కోదు. రిజిస్టర్ పోస్టు కాదు, మామూలు కార్డు. పోతే పోయినట్టే, మళ్ళీ పంపదు, తర్వాతి బొమ్మ పంపిస్తుంది. వైరు మీద ఇది ఇబ్బంది కాదు. వైఫై మీద పెడితే మాత్రం మధ్యాహ్నం ఖాళీ మండపంలో బ్రహ్మాండంగా నడిచింది రాత్రి నడవదు, ఎందుకంటే రాత్రి ప్రతి జేబులో ఒక ఫోను ఉంటుంది, మధ్యలో మనుషుల గోడ ఉంటుంది. "వైర్లు కనిపిస్తే బాగుండదన్నా, వైఫై పెట్టు" అనే కమిటీలకి నేను చేతులు జోడించి వద్దంటాను. నెట్ కేబుల్ వంద మీటర్ల దాకా లాగొచ్చు. కానీ కంట్రోలర్ నుంచి మొదటి బల్బుకి వెళ్ళే తీగ మాత్రం రెండు మూడు మీటర్లలోపే ఉండాలి. కాబట్టి కంట్రోలర్ బోర్డు వెనక ఉండాలి, ల్యాప్‌టాప్ కావాలంటే ఎదురింటి వరండాలో పెట్టుకోవచ్చు. చాలాచోట్ల దీనికి తిరగేసి చేయమంటారు, కంట్రోలర్ ని మైక్ సెట్ పక్కన భద్రంగా పెట్టి పది మీటర్ల తీగ లాగమంటారు. అట్లా లాగితే బల్బులు పిచ్చి పట్టినట్టు మిణుకుతాయి.

ఇక కరెంటు. అసలు బాధ ఇక్కడ ఉంది.

ఈ బల్బులు 5 వోల్టులవి. పూర్తి తెలుపు వెలిగితే ఒక్కో బల్బు 60 మిల్లీఆంపులు దాకా లాగుతుంది. వినడానికి చీమంత. రెండు వేలకి లెక్కేస్తే 120 ఆంపులు సార్. 5 వోల్టుల దగ్గర 120 ఆంపులంటే 600 వాట్లే, ఇస్త్రీ పెట్టె కంటే తక్కువ, ప్రాణానికి భయం లేదు, కానీ తీగలకి ఉంది. సన్న తీగలో అంత కరెంటు పంపితే దారిలోనే వోల్టేజీ తినేస్తుంది. యాభై బల్బుల దండ మొదట్లో మల్లెపువ్వులా తెల్లగా ఉంటుంది, చివరికి వచ్చేసరికి కాషాయం తిరుగుతుంది. నీలం, ఆకుపచ్చ దీపాలకి మూడు వోల్టుల దాకా కావాలి, ఎరుపుకి రెండు సరిపోతుంది, కాబట్టి వోల్టేజీ తగ్గగానే ముందు నీలం, ఆకుపచ్చ నీరసిస్తాయి, ఎరుపు మిగులుతుంది. చూసేవాళ్ళు 'ఆ మూల బల్బులు పాతవి పెట్టాడు' అంటారు. పాతవి కాదు, ఆకలితో ఉన్నాయి. ప్రతి యాభైకి ఒకచోట లావు తీగతో మళ్ళీ 5 వోల్టులు అందించాలి. నేను పోర్టుకి ఒకటి చొప్పున నాలుగు 40 ఆంపుల ఎస్ఎంపీఎస్ లు, అంటే 230 వోల్టుల్ని 5 వోల్టులు చేసే డబ్బాలు పెట్టాను, ఒక్కోదాని మీద 30 మించకుండా. నాలుగింటి మైనస్ లు కలపాలి, కంట్రోలర్ మైనస్ తో కూడా కలపాలి, లేకపోతే సమాచారానికి నేల దొరకదు. ప్లస్ లు మాత్రం కలపకూడదు. ఆ రాత్రి నేను బోర్డు వెనక గంటసేపు మీటర్ పెట్టి చూసింది ఈ నలభై అతుకులనే. అన్నీ బాగానే ఉన్నాయి, అదే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది.

5 వోల్టుల వైపు ప్రాణభయం లేదన్నాను గానీ ఎస్ఎంపీఎస్ కి ఇవతల వైపు 230 వోల్టులే. ఆ ఇనుప డబ్బాకి ఎర్త్ లేకపోతే వానలో తడిసిన మండపం గుంజ పట్టుకున్నవాడికి ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. మన చవితి వచ్చేదే వానల్లో. నేను వెళ్ళిన మండపాల్లో సగానికి సగం రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇచ్చి 'ఇందులో పెట్టుకో' అంటారు. కొన్నిచోట్ల స్తంభానికి కొక్కేలు తగిలించి ఉంటాయి, మైకు, కూలర్లు, వంట దగ్గర గ్రైండరు అన్నీ దాని మీదే. గ్రైండరు తిరిగినప్పుడల్లా లైట్లు కన్ను కొడతాయి. అక్కడ న్యూట్రల్ ఊడితే అప్పుడు నిజంగానే కాలిపోతుంది, అప్పుడు మీరు రాయండి, నేను కాదనను. తాత్కాలిక కనెక్షన్ తీసుకుని, దాని మీద 30 మిల్లీఆంపులు లీకైతే పడిపోయి కరెంటు ఆపేసే ఆర్సీసీబీ ఒకటి పెట్టి, నేలలో ఒక ఎర్త్ రాడ్డు కొట్టిస్తే దానికయ్యే ఖర్చు డీజేకి ఒక్క రాత్రి ఇచ్చేదాని కంటే తక్కువే.

కానీ బేరం ఎట్లా జరుగుతుందో చూడండి. "ఎన్ని బల్బులు? పక్క వీధిలో మూడు వేలంట గదా, మాకు నాలుగు వేలు పెట్టు." ఎన్ని బల్బులు అని అడిగినవాళ్ళే అందరూ, ఎన్ని ఎస్ఎంపీఎస్ లు పెడతావు, ఎర్త్ ఎక్కడ అని అడిగిన కమిటీ నాకు ఒక్కటీ తగల్లేదు. ఇంకోటి, టైము. చవితి రేపనగా ఈరోజు సాయంత్రం పిలుస్తారు. విగ్రహం అప్పటికే వచ్చి ఉంటుంది, బోర్డు వెనక్కి వెళ్ళడానికి దారి ఉండదు, బట్టల డెకరేషన్ వాళ్ళు గుడ్డలు కట్టేసి ఉంటారు. రాత్రి రెండింటికి నిచ్చెన మీద నిలబడి ఫోను నోట్లో పెట్టుకుని దాని టార్చి వెలుతుర్లో అతుకులు వేస్తాం. అట్లా వేసిన అతుకు మూడో రోజు వానకి ఊడదా? నాకు బోర్డు కట్టాక ఒక పూర్తి రాత్రి కావాలి, ఊరికే వెలిగించి చూసుకోవడానికి. మొత్తం తెలుపు పెట్టి గంటసేపు వదిలేసి, తీగలు చేత్తో తడిమి ఎక్కడ వేడెక్కిందో చూసుకోవాలి. ఆ రాత్రి ఎవరూ ఇవ్వరు.

పూర్తి తెలుపు పండగ రోజుల్లో అసలు అవసరం లేదు, అది వేరే సంగతి. వెలుతురు మూడో వంతుకి తగ్గించినా కంటికి పెద్ద తేడా తెలియదు, కరెంటు మాత్రం దాదాపు మూడో వంతే లాగుతుంది. రెండో రాత్రి ఒక పెద్దావిడ వచ్చి "నాయనా, హారతి అప్పుడన్నా ఆ గంతులు ఆపు, సామి మొగం కనపడటంలే" అంది. పాత ఎస్డీ కార్డు కంట్రోలర్ అయితే ఇంటికి పోయి కార్డులో డిజైన్ మార్చుకుని రావాలి. నెట్‌వర్క్ పెట్టాక ల్యాప్‌టాప్ లో ఒక్క మీట. అప్పటి నుంచి హారతి పళ్ళెం లేవగానే చక్రం నెమ్మదిగా ఆగిపోయి బోర్డంతా దీపం రంగులోకి మారుతుంది, హారతి అయ్యాక మళ్ళీ మొదలవుతుంది. ఆ ఒక్కటి చూసి మీ విలేకరి నాలుగు ముక్కలు రాసి ఉంటే ఎంత బాగుండేదో, సరే.

నేను అడిగేది ఏమిటంటే, దసరాకి ముందు మీ పేజీలో కమిటీల కోసం ఒక చిన్న వార్త వేయండి. లైటింగ్ వాళ్ళకి రెండు రోజులు ముందు స్థలం ఇవ్వమనండి, ఎర్త్ తో వేరే కరెంటు లైను ఇవ్వమనండి, వాళ్ళ స్విచ్ లో ఇంకెవరి వైరూ గుచ్చొద్దనండి. బల్బులు ఐదు వందలు తక్కువైనా ఫరవాలేదని కూడా రాస్తే మీకు పుణ్యం ఉంటుంది. వీలైతే 'కాలిపోయింది' అన్న వార్తకి ఒక సవరణ, ఎక్కడో మూల రెండు లైన్లయినా చాలు.

దసరా కమిటీ వాళ్ళకి ఈ సంగతంతా ఫోన్లో చెప్పాను. అంతా విని "అయితే అన్నా, మేం కూడా సీసీ కెమెరాలు పెడుతున్నాం" అన్నారు. పెట్టుకోండి, స్విచ్ వేరేది కొనుక్కోండి అన్నాను. ఆ కంట్రోలర్ నంబరు 61 కి మార్చేశాను, డబ్బా మీద మార్కర్ తో పెద్దగా రాసి ప్లాస్టర్ కూడా అతికించాను.

ఇట్లు,
ఒక లైటింగ్ ఆపరేటర్,
కర్నూలు